మనీలాలో మెడిసిన్ చదువుతున్న మన తెలుగు పిల్లలకి, ఫోర్ట్ సాంటియాగో గురించి ఒక బహిరంగ లేఖ

పిల్లలూ,

మీలో చాలామందికి నేనెవరో తెలీదు. మాది బందరు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైర్ అయ్యాను, మా అమ్మాయి మీలాగే మనీలాలో మెడిసిన్ చదువుతోంది. పోయిన నెల దాని దగ్గరికి వచ్చి మూడు వారాలు ఉన్నాను, పచ్చళ్ళూ కారప్పొడులూ కుక్కర్ గాస్కెట్లూ అందరు అమ్మల్లాగే మోసుకుంటూ వచ్చాను. గోడల మధ్య ఉన్న పాత మనీలా, అదే ఇంట్రామురోస్‌లో, ఫోర్ట్ సాంటియాగో అనే కోటకి కూడా వెళ్ళాను, ఒక్కసారి కాదు మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి అక్కడ చూసినదాని వల్లే ఈ ఉత్తరం రాస్తున్నా.

కోట చివర్లో, పాసిగ్ నది వైపు, సాంటా బార్బరా అనే బురుజు ఉంది కదా, దాని దగ్గర ఒక తెల్ల సిలువ ఉంటుంది. అక్కడ మన పిల్లలు ఐదుగురు తెలుగులో మాట్లాడుకుంటూ ఫోన్‌లో పాట పెట్టుకుని రీల్ చేస్తున్నారు, స్టెప్ కుదరట్లేదని మళ్ళీ మళ్ళీ తీస్తున్నారు, ఒకమ్మాయి సిలువ గట్టు మీద బ్యాగ్ పెట్టి చున్నీ సర్దుకుంటోంది. బంగారంలాంటి పిల్లలు, నన్ను చూసి నమస్తే ఆంటీ అన్నారు, ఊరు అడిగారు. ఆ సిలువ కింద సుమారు 600 మందిని కలిపి పూడ్చారని వాళ్ళకి తెలీదు. తెలిస్తే అలా చెయ్యరు, ఆ మాట గుండె మీద చెయ్యేసుకుని చెప్తాను. నేనైనా ఆ నిమిషంలో చెప్పాల్సింది, నోరు రాలేదు, వాళ్ళ సంతోషం పాడుచెయ్యడం ఎందుకులే అనిపించింది, ఇంటికొచ్చాక ఆ రాత్రంతా అదే బాధ. అందుకే ఆ ఐదుగురికీ, మిగతా మీ అందరికీ కలిపి ఇప్పుడు చెప్తున్నా. తిట్టడానికి కాదమ్మా, కూర్చోబెట్టి చెప్పినట్టు అనుకోండి.

ముందు ఆ సిలువ సంగతి. 1942 నుంచి మూడేళ్ళు మనీలా జపాన్ వాళ్ళ చేతిలో ఉంది, వాళ్ళ మిలిటరీ పోలీసులు ఈ కోటని జైలుగా వాడారు. బురుజు కింద కనిపించే ఆ గదులు స్పెయిన్ వాళ్ళు సరుకులూ మందుగుండూ దాచుకోడానికి కట్టుకున్నవి, నది పక్కనే కాబట్టి చెమ్మ ఎక్కువై సరుకు దాచడానికి పనికిరాకుండా పోయాయి, మనుషుల్ని పెట్టడానికి మాత్రం పనికొచ్చాయి. 1945 ఫిబ్రవరిలో అమెరికా సైన్యం ఊళ్ళోకి వచ్చినప్పుడు నెల రోజులు యుద్ధం జరిగింది, జపాన్ వాళ్ళ ఊచకోతలకీ అమెరికా వాళ్ళ ఫిరంగి గుండ్లకీ మధ్య ఒక్క మనీలాలోనే లక్ష మంది దాకా మామూలు జనం పోయారు, ఇంట్రామురోస్‌లో సాన్ అగస్టిన్ చర్చి తప్ప దాదాపు ఏదీ నిలబడలేదు. అంతా అయ్యాక ఈ గదులు తెరిస్తే లోపల శవాలు. పేర్లు పోల్చుకునే స్థితిలో లేవు, అందర్నీ ఒకేచోట పూడ్చి సిలువ పెట్టారు. ఇప్పుడు ఆ గదుల్లోకి మనల్ని వెళ్ళనిస్తున్నారు. తల వంచుకుని వెళ్ళాలి, పైకప్పు అంత కిందకి ఉంటుంది. నేను రెండు నిమిషాలు ఉండి బయటికి వచ్చేశా, ఊపిరి ఆడనట్టయింది. మీరు అనాటమీ చదువుకున్నవాళ్ళు, ఊపిరాడకపోవడం అంటే ఒంట్లో ఏం జరుగుతుందో నాకంటే మీకే బాగా తెలుసు, నేను చెప్పక్కర్లేదు.

సరే, ఈ కోట ఎవరిది అనే ప్రశ్న దగ్గరికి వస్తా, నాకు అసలు ఆ ప్రశ్నే పట్టుకుంది. స్పెయిన్ వాళ్ళు కట్టారు అని ఒక్క ముక్కలో చెప్పేస్తాం. స్పెయిన్ వాళ్ళు రాకముందే అక్కడ కోట ఉంది. రాజా సులేమాన్ అనే ముస్లిం రాజు కోట, తాటి దుంగలూ మట్టీ వేసి కట్టుకున్నది, నది సముద్రంలో కలిసే ఆ మూల మీదే. 1571లో లెగాస్పి అనే స్పెయిన్ సేనాని వచ్చి ఆ చోటు తీసుకుని మనీలాని తన రాజధాని చేసుకున్నాడు. మొదట స్పెయిన్ వాళ్ళదీ కర్ర కోటే, 1574లో లిమాహాంగ్ అనే చైనా సముద్రపు దొంగ మీద పడ్డప్పుడు తగలబడిపోయింది. ఇప్పుడున్న రాతి కోట 1590ల్లో మొదలుపెట్టారు, దస్మరిన్యాస్ గవర్నర్‌గా ఉన్నప్పుడు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. అక్కడి భాష తగలోగ్‌లో కోటని ఏమంటారో తెలుసా మీకు? కుతా. మన కోటే! సంస్కృతం మాట మలయ్ వాళ్ళ నోటి మీదుగా అక్కడిదాకా పోయింది. ముఖాన్ని ముఖా అంటారు, ఆశని ఆసా అంటారు, టీచర్‌ని గురో అంటారు. గేటు దగ్గర గైడ్ కుర్రాడికి మా అమ్మాయి నేను టీచర్‌నని చెప్తే ఆ అబ్బాయి "ఆ, గురో!" అని చెయ్యి జోడించినంత పని చేశాడు, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కత్తి పట్టుకుని వెళ్ళకుండానే మన వైపు మాటలు అంత దూరం వెళ్ళి ఆ జనం నాలుక మీద వాళ్ళ సొంత మాటలైపోయాయి. ఇది గుర్తుపెట్టుకోండి, కత్తి పట్టుకుని వెళ్ళిన సంగతి కూడా ముందు ముందు చెప్తా.

కోట గేటు మీద చూశారా, చెక్కలో చెక్కిన బొమ్మ ఉంటుంది. గుర్రం మీద ఒక వీరుడు, కత్తి ఎత్తి ఉంటాడు, గుర్రం కాళ్ళ కింద మనుషులు పడుంటారు. ఆయనే సాంటియాగో, సెయింట్ జేమ్స్, ఆ గుర్రం కింద పడ్డవాళ్ళు మూర్లు, అంటే ముస్లింలు. స్పెయిన్ వాళ్ళు తమ దేశంలో ముస్లిం రాజులతో చేసిన యుద్ధాల్లోంచి పుట్టిన బొమ్మ అది. దాన్ని ఎక్కడ పెట్టారు? ఒక ముస్లిం రాజు దగ్గర లాక్కున్న నేల మీద, ఆ ఊరివాళ్ళు రోజూ దాని కిందనుంచే లోపలికి వెళ్ళేలా. నేను గేటు కింద నిలబడి ఆ కింద పడ్డవాళ్ళ మొహాలే చూశా చాలాసేపు. గేటు 1945లో కూలిపోతే 1980ల్లో మళ్ళీ పాతదానిలాగే కట్టారు, బొమ్మతో సహా. మంచి పని చేశారు అంటాను నేను. అది తీసేసి పువ్వుల తోరణం పెట్టి ఉంటే నాకు ఈ సంగతి తట్టేది కాదు.

రాళ్ళు ఎవరు మోశారు? గోడ దగ్గరగా వెళ్ళి చూడండి ఈసారి. చెయ్యి పెట్టి చూడండి. బూడిద రంగు రాయి, అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి తయారైంది, అక్కడ దాన్ని అడోబె అంటారు. గోరుతో గీస్తే పొడి రాలేంత మెత్తన, సందుల్లోంచి నాచూ ఫెర్న్ మొక్కలూ మొలిచి ఉంటాయి, వాన పడ్డ రోజు ముట్టుకుంటే తడిపిన ఇసుకలా ఉంటుంది. ఈ రాయిని తవ్వి పడవల్లో తెచ్చి ఎత్తింది ఆ ఊరి జనమే. పోలో అనే పద్ధతి ఉండేది, 16 నుంచి 60 ఏళ్ళ లోపు మగవాళ్ళు ఏడాదికి 40 రోజులు దొరల పని చెయ్యాలి, మన వెట్టిచాకిరీ ఉండేది చూడండి అచ్చం అలాంటిదే. వాళ్ళతోపాటు చైనా మేస్త్రీలు. ఆ చైనావాళ్ళ పేటని మాత్రం గోడ అవతల, కోట ఫిరంగులకి అందే దూరంలో పెట్టారు, 1603లో తిరుగుబాటు వస్తే దాదాపు 20 వేల మందిని చంపేశారు. గోడ కట్టినవాళ్ళనే గోడ బయట.

ఇప్పుడు మన సంగతి.

నాది బందరని చెప్పాను కదా. బందరు అంటే మచిలీపట్నం, ఒకప్పుడు మన కోస్తా బట్టల మూటలు ప్రపంచమంతా వెళ్ళిన రేవు. మనీలా నుంచి మెక్సికోలోని అకపుల్కోకి 250 ఏళ్ళు, అంటే 1565 నుంచి 1815 దాకా, స్పెయిన్ వాళ్ళ పెద్ద ఓడలు తిరిగాయి, చైనా పట్టుతో పాటు మన కోరమాండల్ తీరపు నూలు బట్ట కూడా అందులో వెళ్ళేది, బదులుగా మెక్సికో వెండి వచ్చేది. మద్రాసులో ఉన్న ఇంగ్లీషువాళ్ళని స్పెయిన్ వాళ్ళు మనీలాకి రానిచ్చేవాళ్ళు కాదు, అందుకని అర్మేనియన్ వ్యాపారుల పేరు మీదా ఆసియా వ్యాపారుల పేరు మీదా ఓడలు పంపి సరుకు అమ్ముకునేవాళ్ళు. మద్రాసు సైదాపేట దగ్గర అడయారు మీద 1726లో పాత వంతెన కట్టించిన కోజా పెట్రస్ ఉస్కాన్ అనే అర్మేనియన్ ఆ మనీలా వ్యాపారంలో డబ్బు చూసినవాడే. మన ఊళ్ళలో మగ్గం మీద నేసినవాళ్ళ చేతి బట్ట పాసిగ్ నది ఒడ్డున దిగింది పిల్లలూ, మీరిప్పుడు సెల్ఫీ దిగే ఆ గట్టు చుట్టుపక్కలే. ఇది వింటే సంతోషంగానే ఉంటుంది.

తర్వాతది అంత సంతోషం కాదు. 1762లో స్పెయిన్ ఇంగ్లండ్ మధ్య యుద్ధం వచ్చింది. ఎక్కడో యూరప్‌లో మొదలైన యుద్ధం, ఆ వార్త మనీలాకి ఇంకా చేరనే లేదు, ఆగస్టులో మద్రాసు నుంచి ఓడలు బయల్దేరాయి. విలియం డ్రేపర్ సేనాని, కార్నిష్ నౌకాదళానికి పెద్ద. ఓడల్లో ఇంగ్లీషు సోల్జర్లతోపాటు ఈస్టిండియా కంపెనీ సిపాయిలు సుమారు 600 మంది. అప్పట్లో మద్రాసు సిపాయిలంటే తమిళ నేల నుంచి, మన తెలుగు నేల నుంచి చేరినవాళ్ళు, హిందువులూ ముస్లింలూ కలిసి. ఉత్తరాదిన అప్పుడు సిపాయికి తిలంగా అని పేరే పడిపోయింది, తెలంగాణ్యుడు అంటే తెలుగువాడు, మనవాళ్ళ జాతి పేరే కూలి సైనికుడికి పేరైపోయింది! అంతకి మూడేళ్ళ ముందు, 1759 ఏప్రిల్‌లో, ఫోర్డ్ అనే ఇంగ్లీషు కర్నల్ మా బందరు కోటని ఫ్రెంచివాళ్ళ దగ్గర్నించి రాత్రికి రాత్రి ఇలాగే సిపాయిల్ని పెట్టి గుంజుకున్నాడు. నేను పిల్లలకి ఆ పాఠం ఎన్నిసార్లు చెప్పానో. మన కోట ఎక్కినదీ సిపాయిలే, పరాయివాళ్ళ కోట ఎక్కినదీ సిపాయిలే, జెండా మాత్రం ఇద్దరి చోటా ఇంగ్లీషువాడిది.

సెప్టెంబర్ 23న ఓడలు మనీలా బేలో కనబడ్డాయి, మర్నాడు మలాటె దగ్గర దిగారు. మీలో కొందరు అద్దెకుండే పేట అది. గోడ బయట చర్చిల్లో మకాం వేసి గోడని పది రోజులు ఫిరంగులతో కొట్టారు. ఊరిని కాపాడ్డానికి పంపంగా అనే ప్రాంతం నుంచి జనం వచ్చారు, చేతుల్లో విల్లంబులూ బల్లేలూ, తుపాకీ గొట్టాల మూతి దాకా వచ్చి మరీ పోరాడి చచ్చిపోయారని డ్రేపరే తన రాతల్లో రాసుకున్నాడు. వాళ్ళెవరి కోసం వచ్చారు? స్పెయిన్ దొరల కోసం. ఎదురుగా నిలబడ్డ సిపాయిలెవరి కోసం వచ్చారు? ఇంగ్లండ్ దొరల కోసం. పంపంగా రైతుకీ మన కోస్తా రైతుకీ ఏం పగ ఉంది చెప్పండి, ఒకళ్ళ ఊరి పేరు ఒకళ్ళకి తెలీదు. అక్టోబర్ 6 తెల్లారేసరికి గోడ బద్దలైన చోటు నుంచి లోపలికి వచ్చేశారు. అప్పుడు గవర్నర్ పని చూస్తున్న ఆర్చ్‌బిషప్ రోహో ఈ ఫోర్ట్ సాంటియాగోలోకి పారిపోయి, ఇక్కడే లొంగిపోయాడు. ఊరిని దోచారు. ఆ పైన నలభై లక్షల పెసోలు ఇస్తే సరి అన్నారు. డాసన్ డ్రేక్ అని మద్రాసు కంపెనీ మనిషిని గవర్నర్‌గా కూర్చోబెట్టారు. 1764 దాకా, సంధి అయిపోయింది అనే కబురు వచ్చేదాకా, ఆ ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉంది.

ఇది నేను పుస్తకంలో ఎప్పుడో చదివిందే. కానీ ఆ గోడ దగ్గర నిలబడితే వేరేగా తగిలింది. మనం ఎప్పుడూ మన మీద ఎవరెవరు పడ్డారో లెక్క చెప్పుకుంటాం, క్లాసులో నేనూ అదే చెప్పాను ముప్పై ఏళ్ళు. మనవాళ్ళు ఇంకొకళ్ళ ఊరి మీద, వాళ్ళు మనకేమీ చెయ్యకుండానే, నెల జీతానికి పడ్డారని ఒక్క పీరియడ్ కూడా చెప్పలేదు. చెప్పాల్సింది.

కోటలో రిసాల్‌ని బంధించిన గదికి వెళ్ళినప్పుడు ఈ బాధ ఇంకా ఎక్కువైంది. హోసే రిసాల్ ఎవరో మీకు తెలుసు, ఆ దేశపు జాతీయ వీరుడు, ప్రతి ఊళ్ళో వీధి పేరు ఆయనదే. మీలో ఎంతమందికి తెలుసో గానీ ఆయన మీవాడే, డాక్టర్. కళ్ళ డాక్టర్. మనీలాలో మెడిసిన్ మొదలుపెట్టి మాడ్రిడ్‌లో పూర్తి చేసి పారిస్‌లో, హైడెల్‌బర్గ్‌లో పెద్ద కంటి డాక్టర్ల దగ్గర పని నేర్చుకుని వచ్చి సొంత తల్లి కంటికి ఆపరేషన్ చేశాడు. రెండు నవలలు రాశాడు, స్పెయిన్ పాలన ఎలా ఉందో ఉన్నదున్నట్టు, దానికే పగబట్టారు. 1892లో మొదటిసారి ఈ కోటలోనే పెట్టి, తర్వాత మిందనావో దీవిలో దపితాన్ అనే ఊరికి పంపేశారు, అక్కడ నాలుగేళ్ళు వైద్యం చేశాడు, బడి నడిపాడు, ఊరికి మంచినీళ్ళు తెప్పించాడు. 1896 నవంబర్‌లో మళ్ళీ ఇక్కడికే తెచ్చారు. చివరి రోజుల్లో రాసిన పద్యాన్ని ఆల్కహాల్ స్టవ్‌లో దాచి, చూడ్డానికొచ్చిన చెల్లెలికి ఇస్తూ కాపలావాళ్ళకి అర్థం కాకుండా ఇంగ్లీషులో, లోపల ఏదో ఉంది అని చెప్పాడు. డిసెంబర్ 30 పొద్దున నడిపించుకుంటూ బగుంబాయన్ మైదానానికి తీసుకెళ్ళి కాల్చేశారు. 35 ఏళ్ళు. కాల్చేముందు మిలిటరీ డాక్టర్ వచ్చి నాడి పట్టుకుని చూస్తే నార్మల్‌గా ఉందట!

కాల్చింది ఎవరో చెప్పనా. స్పెయిన్ సైన్యంలో పనిచేసే ఫిలిప్పీన్స్ సిపాయిలు. వాళ్ళ వెనకాల స్పెయిన్ సోల్జర్లు తుపాకులు గురిపెట్టి నిలబడ్డారు, వీళ్ళు కాల్చకపోతే వీళ్ళని కాల్చడానికి. ఆ వరసలో నిలబడ్డ కుర్రాడి చేతులు ఎలా ఉండి ఉంటాయో నేను చాలాసేపు అనుకుంటూ కూర్చున్నా.

కోటలో ఆయన ఆఖరిసారి నడిచిన దారిలో కంచు అడుగులు నేలలో బిగించారు, చూసే ఉంటారు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆ అడుగుల పక్కనే నడిచింది, మీద కాలు వెయ్యకుండా. నేను చెప్పకుండానే అలా నడిచింది. చిన్న అడుగులు, మనిషి ఎత్తు తక్కువ. వాన పడి రెండు మూడు అడుగుజాడల గుంటల్లో నీళ్ళు నిలిచాయి, ఒకదాంట్లో కాలచూచి పువ్వు పడి తేలుతోంది, మన దేవగన్నేరులాంటి తెల్ల పువ్వు.

ఇంకొక్క చోటు చెప్పి ఆపేస్తా. మనీలాకి తూర్పున రిసాల్ ప్రావిన్స్‌లో కైంతా అని ఊరుంది, జీప్నీలో, అంటే అక్కడి షేర్ బండిలో, వెళ్ళొచ్చు. ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయాక మన సిపాయిల్లో కొంతమంది ఓడ ఎక్కలేదు. కైంతాలో, ఆ పక్కన తైతైలో ఆగిపోయి అక్కడి ఆడవాళ్ళనే పెళ్ళి చేసుకుని ఆ ఊరివాళ్ళయిపోయారు. వాళ్ళ వంశాలు ఇవాళ్టికీ అక్కడున్నాయి. మా అమ్మాయికి సెలవని ఒక ఆదివారం వెళ్ళాం. చర్చి దగ్గర ఒక పెద్దావిడ బిబింకా అమ్ముతోంది, బియ్యప్పిండీ కొబ్బరిపాలూ కలిపి అరిటాకులో కాలుస్తారు, ఆ వాసనకి నాకు మా అమ్మమ్మ వంటిల్లు గుర్తొచ్చింది. ఆవిడ నా చీర చూసి "బుంబాయ్?" అంది. మీ అందర్నీ కూడా అలాగే అంటారు కదా, మనవాళ్ళు ఎవరైనా వాళ్ళకి బొంబాయే, దానికి మనసు కష్టపెట్టుకోకండి. అవునని తలూపాను. ఆవిడ తన ముంజేయి నా ముంజేయి పక్కన పెట్టి చూపించింది, అచ్చం ఒకటే రంగు. "సిపాయ్," అంది తన గుండె మీద వేలు పెట్టుకుని. నాకు ఏ భాషలో ఏం చెప్పాలో తెలీలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నా, అంతే. డబ్బులు తీసుకోనంటే బలవంతంగా ఇచ్చా.

కాబట్టి పిల్లలూ, నేను అడిగేది ఇది. ఆ తెల్ల సిలువ దగ్గర ఫోన్ లోపల పెట్టండి, మిగతా కోటంతా మీ ఇష్టం, పార్కులో ఫొటోలు దిగండి, కలేసా అనే గుర్రబ్బండి ఎక్కండి, అది ఆనందంగా తిరిగే చోటే, ఫిలిప్పీన్స్ పిల్లలూ అలాగే తిరుగుతున్నారు. కొత్తగా వచ్చే జూనియర్స్‌ని మీరే తీసుకెళ్ళి ఆ గదులూ ఆ అడుగులూ చూపించండి, సీనియర్ చెప్తే వింటారు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు మాల్స్‌తో పాటు ఒక పూట ఇక్కడికి తీసుకురండి. కైంతాకి వెళ్ళండి. మీరు ఆ ఊరికి వైద్యం నేర్చుకోడానికి వచ్చారు, ఆ జనం ఒంటి మీద చెయ్యి పెట్టి నాడి చూడ్డం నేర్చుకుంటున్నారు, 1762లో మనవాళ్ళు ఏం పట్టుకుని దిగారో తెలిసి ఆ చెయ్యి పెట్టండి.

డిసెంబర్‌లో నేను మళ్ళీ వస్తున్నా. 30 రిసాల్ డే, మీకు సెలవే. పొద్దున కోట గేటు తెరిచే టైమ్‌కి ఆ గుర్రం బొమ్మ కింద ఉంటాను, ఆకుపచ్చ అంచు చీర కట్టుకుని. ఆ అడుగుల వెంట మెల్లగా ఒకసారి నడుద్దాం, వచ్చినవాళ్ళు రండి. ఆ రోజు రీల్ చేసుకున్న ఐదుగురు కూడా ఇది చదివితే తప్పకుండా రావాలి, మీ మీద నాకేం కోపం లేదు. బందరు లడ్డూ మీ అందరికీ సరిపడా తెస్తాను, ఒక డబ్బా మాత్రం కైంతా పెద్దావిడకి.

ఉంటాను,
బందరు సోషల్ టీచర్